ఏ అరలో దొరుకుతాం? అమెరికా పౌర గ్రంథాలయాల్లో వృద్ధ స్వలింగ ప్రేమికులు, స్పానిష్ పాఠకులు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో మేము తొలిసారి అడుగుపెట్టినప్పుడు ఏ పుస్తకం కావాలని ఎవరూ అడగలేదు. "ఎవరబ్బాయివి?" అన్నారు. నాన్న పేరు చెప్పాం. "ఏ వీధి?" అన్నారు. వీధి చెప్పాక ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు. పేపరు వరండాలో కూర్చుని చదువుకోమన్నారు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు కాబట్టి, అలా కూర్చోబెట్టడం తప్పని చెప్పేవాళ్లు కూడా ఇంట్లో లేరు. చాలా ఏళ్లకు, పరిశోధన కోసం గ్రంథాలయాల చరిత్ర చదువుతున్నప్పుడు ఆ రెండు ప్రశ్నలూ మళ్లీ గుర్తొచ్చాయి. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు అన్నదాని మీదే గ్రంథాలయం ఎవరిదో తేలిపోతుంది.

ఈ వ్యాసం మా ఊరి గురించి కాదు. అమెరికా పౌర గ్రంథాలయాలు రెండు రకాల పాఠకుల్ని ఎలా చూశాయి, ఇప్పుడెలా చూస్తున్నాయి అన్నది దీని విషయం. మొదటివాళ్లు వయసు మళ్లిన ఎల్జీబీటీలు, అంటే లెస్బియన్లు, గేలు, బైసెక్సువల్స్, ట్రాన్స్‌జెండర్లు. రెండోవాళ్లు ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు. ఆ దేశంలో వీళ్లు 4 కోట్ల పైమాటే. వీళ్లూ వాళ్లూ ఎప్పుడూ వేరువేరు మనుషులే అయితే మేము కలం పట్టాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. ఆ రెండూ ఒక్క మనిషిలోనే ఉంటే ఏమవుతుంది? స్త్రీల లెక్కలో అగ్రవర్ణ స్త్రీ, దళితుల లెక్కలో దళిత పురుషుడు నిలబడితే దళిత స్త్రీ ఎక్కడ నిలబడాలి అని మన దగ్గర జరిగిన చర్చ తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించదు.

ముందుగా ఒక మాట గురించి. మన పత్రికలు విరివిగా వాడే 'స్వలింగ సంపర్కులు' అనే మాటను మేము వాడటం లేదు. అది ఒక మనిషి బతుకంతటినీ పడకగదికి కుదించే మాట. 'హరిజన' మాటను మనం వద్దనుకున్న కారణమూ ఇదీ అచ్చంగా ఒకటే అనలేం గానీ, పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్న తగువు మాత్రం రెండు చోట్లా ఉంది. గ్రంథాలయంలోనైతే ఈ తగువు మరీ ఎక్కువ. ఎందుకంటే అక్కడ పేరు పెట్టడమే ఒక ఉద్యోగం.

అమెరికాలో పౌర గ్రంథాలయం స్థానిక పన్నుల మీద నడుస్తుంది. శాఖలన్నీ కలిపితే దాదాపు 17 వేలు. ఆ ఊళ్లో ఉంటున్నట్టు చూపిస్తే కార్డు ఉచితం. కూర్చోడానికి డబ్బులడగరు, ఏదో ఒకటి కొనమనరు, ప్రార్థన చెయ్యమనరు. అలాంటి చోట్లు ఆ దేశంలో చాలా తక్కువ. అందుకే ముసలివాళ్లు, వలస వచ్చినవాళ్లు, ఇల్లు లేనివాళ్లు అక్కడికి చేరతారు. 'అందరి గ్రంథాలయం' అని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

ఆ 'అందరి'లో నల్లవాళ్లు లేని రోజులు ఎంతో దూరంలో లేవు. 1939 ఆగస్టులో వర్జీనియా రాష్ట్రం అలెగ్జాండ్రియాలో అయిదుగురు నల్ల యువకులు గ్రంథాలయంలోకి వెళ్లి కార్డు అడిగారు. లేదన్నారు. అయిదుగురూ తలో పుస్తకం తీసుకుని తలో బల్ల దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టారు. పోలీసులొచ్చి పట్టుకుపోయారు. దీనికి ఊరి పెద్దలు కనిపెట్టిన పరిష్కారమేమిటంటే, మరుసటి ఏడాది నల్లవాళ్లకు విడిగా ఒక చిన్న గ్రంథాలయం కట్టించడం. వేరే గ్లాసు, వేరే బావి అన్నమాట. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన హక్కుల పత్రాన్ని ఆమోదించింది కూడా ఆ 1939లోనే. అయితే జాతిని బట్టి ఎవరికీ గ్రంథాలయం నిరాకరించకూడదన్న మాట ఆ పత్రంలోకి ఎక్కడానికి 1961 దాకా పట్టింది. ఆ ఏడాది మార్చిలోనే మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో టుగలూ కాలేజీ విద్యార్థులు తొమ్మిదిమంది తెల్లవాళ్ల గ్రంథాలయంలో చదువుకుంటూ అరెస్టయ్యారు. వయసును బట్టి నిరాకరించకూడదన్న మాట 1967లో చేరింది. మహద్ చెరువు చరిత్ర తెలిసిన మనకు, నీళ్లూ పుస్తకమూ ఒకే తీరున కాపలా కాయబడే వస్తువులని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు 75, 80 ఏళ్ల వయసున్న ఒక అమెరికన్ గే పురుషుణ్ణో, లెస్బియన్ స్త్రీనో తలుచుకోండి. వాళ్లు పుట్టిన కాలానికి వాళ్ల ప్రేమ నేరం. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇచ్చిన ఒక ఉత్తర్వుతో అలాంటివాళ్లని ప్రభుత్వోద్యోగాల నుంచి ఏరి తీసేశారు. 1973 చివరిదాకా అమెరికా మానసిక వైద్యుల సంఘం దృష్టిలో వాళ్లు రోగులు. కొన్ని రాష్ట్రాల్లో 2003లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా చట్టం దృష్టిలో నేరస్తులు. యవ్వనమంతా ఇలా గడిచిన మనిషి ముసలితనంలో గ్రంథాలయం మెట్లెక్కితే, ఆ జ్ఞాపకాలన్నీ కూడా ఎక్కుతాయి. ఈ సంగతి మరిచిపోయి 'వృద్ధులకు సేవలు' అని పథకాలు వేసేవాళ్లు చాలామంది.

బార్బరా గిట్టింగ్స్ అనే ఆమె కథ ఇక్కడ చెప్పాలి. 1932లో పుట్టింది. కాలేజీలో చేరిన కొత్తలో తనెవరో తెలుసుకుందామని గ్రంథాలయాలన్నీ గాలించింది. తను దొరికింది అసహజ మనస్తత్వం, లైంగిక వికృతి లాంటి శీర్షికల కింద. వెతుకులాటలో పడి చదువు పాడయింది. కాలేజీ వదిలేసింది. గ్రంథాలయ శాస్త్రం ఎన్నడూ చదవని ఈ మనిషే తర్వాత పదిహేనేళ్లపాటు గ్రంథాలయ ఉద్యోగుల సంఘంలో స్వలింగ ప్రేమికుల బృందాన్ని నడిపింది. ఆ బృందం 1970లో పుట్టింది. వృత్తి సంఘాల్లో అలాంటి బృందం ఆ దేశంలో అదే మొదటిది. 1971లో డాలస్ మహాసభలో వీళ్లు చేసిన పని చూడండి. ఒక స్టాలు పెట్టి, 'స్వలింగ ప్రేమికుల్ని కావలించుకోండి, ఉచితం' అన్నట్టు బోర్డు కట్టారు. వందలమంది చుట్టూ మూగారు గానీ దగ్గరకొచ్చినవాళ్లు లేరు. సరే, టీవీ కెమెరాల ముందు వీళ్లే ఒకర్నొకరు కావలించుకున్నారు. సభలో మర్యాదస్తులకు కోపమొచ్చింది. గొడవ చెయ్యకుండా ఎవరికైనా ఎప్పుడైనా అరలో చోటు దొరికిందా అని మేము అడుగుతాం.

గిట్టింగ్స్‌కి ఎదురైన శీర్షికల సంగతి ఇంకాస్త చెప్పాలి. బయటివాళ్లకిది గుమాస్తా పనిలా కనబడుతుంది. కానీ పుస్తకం ఏ అరలో ఉంటుందో, కేటలాగులో ఏ మాట కింద దొరుకుతుందో నిర్ణయించేవాడు పాఠకుడికంటే ముందే ఆ పుస్తకం మీద తీర్పు చెబుతాడు. అమెరికా గ్రంథాలయాలన్నీ దాదాపుగా వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారుచేసిన విషయ శీర్షికలనే వాడతాయి. ఒకప్పుడు అందులో 'హోమోసెక్సువాలిటీ' అని వెతికితే, 'లైంగిక వికృతి కూడా చూడుడు' అని దారి చూపేది. శాన్‌ఫోర్డ్ బర్మన్ అనే గ్రంథాలయాధికారి ఈ శీర్షికల మీద 1971లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన అంతకుముందు ఆఫ్రికాలో, జాంబియాలో పనిచేశాడు. 'కాఫిర్లు' అన్న శీర్షిక అక్కడి నల్ల సహోద్యోగులకు బూతుమాటలా తగలడం ఆయన కళ్లు తెరిపించింది. 'యూదు సమస్య', 'పచ్చ ప్రమాదం' లాంటివి కూడా అప్పట్లో బీరువాల మీద శీర్షికలే. పచ్చ ప్రమాదమంటే చైనా, జపాన్ మనుషులు! బర్మన్ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు, సంతకాలు సేకరించాడు. 'వికృతి'కి దారి చూపే ఆ ముక్కను 1972 ప్రాంతంలో తీసేశారు. డ్యూయీ వర్గీకరణలోనూ ఈ పుస్తకాలు మానసిక రుగ్మతల దగ్గర కొంతకాలం, సామాజిక సమస్యల దగ్గర కొంతకాలం తిరిగి తిరిగి చివరికి 306.76 అనే అంకె దగ్గర కుదురుకున్నాయి. కుటుంబం, పెళ్లి మీద పుస్తకాలకు 306.8. అంటే ఇన్నాళ్లకు ఇరుగుపొరుగయ్యారు.

ఇక స్పానిష్ మాట్లాడేవాళ్ల దారి వేరు. న్యూయార్క్ హార్లెంలోని 135వ వీధి శాఖలో 1921లో పూరా బెల్‌ప్రే అనే నల్ల ప్యూర్టోరికన్ యువతి ఉద్యోగంలో చేరింది. ఆ నగర గ్రంథాలయంలో ప్యూర్టోరికన్ ఉద్యోగి ఆమే మొదలు. కొన్నేళ్లకు ఆమెను స్పానిష్ జనం పెరుగుతున్న 115వ వీధి శాఖకు పంపారు. అక్కడ ఆమె పిల్లలకు తన అమ్మమ్మ చెప్పిన కథల్ని స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ చెప్పింది, బొమ్మలాట ఆడించింది, జనవరి 6న వాళ్ల ముగ్గురు రాజుల పండగను గ్రంథాలయంలోనే జరిపించింది. తల్లులు పిల్లల వెంట వచ్చారు, తర్వాత తమ కోసం వచ్చారు. పుస్తకం కంటే ముందు భాష పలకరించాలి అన్న విషయాన్ని ఆమె ఏ గ్రంథాలయ శాస్త్రమూ చెప్పకుండానే పట్టుకుంది. 1966లో కాలిఫోర్నియా ఓక్లాండ్‌లో స్పానిష్ జనం కోసమే ఒక శాఖ తెరిచారు. 1971లో ఆర్నుల్ఫో ట్రెహో అనే ఆచార్యుడి చొరవతో 'రిఫార్మా' సంఘం ఏర్పడింది, స్పానిష్ పాఠకుల సేవల కోసం. 1977లో న్యూయార్క్ క్వీన్స్ గ్రంథాలయం కొత్తగా వచ్చినవాళ్ల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది.

డాలస్‌లో ఆ స్టాలు పెట్టిన ఏడూ 1971, 'రిఫార్మా' పుట్టిన ఏడూ 1971 అని పాఠకులు గమనించే ఉంటారు. ఒకే వృత్తిలో, ఒకే ఏడాది, రెండు అస్తిత్వాల తలుపులు తెరుచుకున్నాయి. రెండూ వేరువేరు తలుపులు.

ఇక్కడ ఒక మనిషిని ఊహించుకుందాం. నిజం మనిషి కాదు, మా ఊహే. 78 ఏళ్లు. ప్యూర్టోరికో నుంచి అరవైలలో న్యూయార్క్ వచ్చి హోటళ్ల వంటిళ్లలో పనిచేశాడు. నలభై ఏళ్లు కలిసి బతికిన తోడు పోయాడు. ఇరుగుపొరుగుకు ఆ తోడు 'కజిన్'. పిల్లల్లేరు. ఇంగ్లీషు మాట్లాడగలడు గానీ దుఃఖంలో స్పానిష్ తప్ప రాదు. ఇతను గ్రంథాలయానికొచ్చాడు.

లోపల మూడు బల్లలున్నాయి. పెద్దవాళ్ల బల్ల దగ్గర మనవలకు ఫోనులో ఉత్తరం రాయడం నేర్పుతున్నారు. మనవలెంతమందని నవ్వుతూ అడుగుతారు. అడిగిన అమ్మాయి తప్పేం లేదు, ప్రేమగానే అడిగింది. స్పానిష్ బల్ల దగ్గర కూర్చున్నది అతని చర్చికే వచ్చే కుటుంబంలో అమ్మాయి. అక్కడ తన భాషే ఉంది, అందుకే అక్కడ నోరు పెగలదు. సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది. మూడోది ఇంద్రధనుస్సు జెండా పెట్టిన అర. అందులో ఎక్కువ పుస్తకాలు కుర్రాళ్ల కోసం రాసినవి, ఇంగ్లీషువి, చిన్న అక్షరాలవి. పైన 'క్వీర్' అని రాసి ఉంది. ఇప్పటి యువతరం గర్వంగా తొడుక్కున్న ఆ మాట అతని చెవిలో అయిదు దశాబ్దాల కిందటి తన్నులతో కలిసి మోగుతుంది. 1994లో దండోరా ఉద్యమం పేరు చివర 'మాదిగ' అని చేర్చుకొమ్మన్నప్పుడు తామెలా ఉలిక్కిపడ్డారో మా నాన్న తరంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ ఉలికిపాటును వెనకబాటుతనమని మేము అనలేం.

అతని తరం స్పానిష్ గేలు తమను తాము చెప్పుకోవడానికి వాడిన మాటలు వేరే. 'దె ఆంబియెంతె' అంటారు, 'ఆ వాతావరణం మనిషి' అని. 'ఎంతెందీదో' అంటారు, 'తెలిసినవాడు' అని. బయటివాడికి అర్థంకాని, లోపలివాడికి దాచనక్కర్లేని మాటలు. ఇవి ఏ కేటలాగులో ఉంటాయి? స్పానిష్‌లో వెతకడానికి వీలుగా 'బిలిండెక్స్' అనే ద్విభాషా శీర్షికల జాబితా 1984లో కాలిఫోర్నియాలో వచ్చింది. మంచి పనే. కానీ అనువదించింది వాషింగ్టన్ మాటల్నే కదా. ఆ మాటల సంగతి ఎలా ఉండేదో ఇంకొక ఉదాహరణ. పత్రాల్లేకుండా వచ్చిన వలసజనాన్ని సూచించడానికి 'అక్రమ పరాయివాళ్లు' అన్న శీర్షిక ఉండేది. 2014లో డార్ట్‌మౌత్ కాలేజీ విద్యార్థులు దాన్ని మార్చమన్నారు. 2016లో మారుస్తామన్నారు. పార్లమెంటు సభ్యులు కేటలాగు గుమాస్తా పనిలో వేలు పెట్టి అడ్డుకున్నారు. 2021 నవంబరులో గానీ ఆ శీర్షిక పోలేదు. ఒక మాట తీయడానికి ఏడేళ్లు.

దాక్కోవడం గురించి బయటివాళ్లు తేలిగ్గా మాట్లాడతారు. ఇప్పుడు చట్టం మారింది గదా, 2015లో పెళ్లి హక్కు కూడా వచ్చింది గదా, ఇంకా ఎందుకు దాక్కోవడం అంటారు. 2010లో వచ్చిన 'జెన్ సైలెంట్' అనే డాక్యుమెంటరీ బోస్టన్ ప్రాంతపు ముసలివాళ్ల గురించి. జీవితమంతా బాహాటంగా పోరాడినవాళ్లు, చివరి రోజుల్లో తమను కడిగి తుడిచే చేతులు ఎవరివో అన్న భయంతో మళ్లీ దాక్కుంటారు. మంచం పక్కనున్న ఫోటో సొరుగులోకి పోతుంది. ఇది చదువుతున్నప్పుడు మాకు అంబేద్కర్ బరోడా రోజులు జ్ఞాపకమొచ్చాయి. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషి ఆ ఊళ్లో పార్సీల సత్రంలో పేరు దాచుకుని ఉండాల్సి వచ్చింది. ఒంటరిగా ఆ చీకటి హాల్లో పుస్తకాలే తోడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. విచిత్రమేమిటంటే, ఆ బరోడా అప్పటికే దేశంలో పౌర గ్రంథాలయాలకు పేరు పొందింది. మహారాజు 1910లో బోర్డెన్ అనే అమెరికన్‌ను రప్పించి అమెరికా పద్ధతిలో ఉచిత గ్రంథాలయాల వ్యవస్థ ఏర్పాటు చేయించాడు. అంబేద్కర్‌ను అమెరికా పంపిన డబ్బూ ఆ మహారాజుదే. ఊరినిండా పుస్తకాలకు చోటుంది, ఆ పుస్తకాలు చదవగల మనిషికి గది లేదు. అద్దె ఇంటికోసం తిరిగిన మన పిల్లలందరికీ ఇంటిపేరు మింగడం ఎలాగో తెలుసు. కాబట్టి ఆ 78 ఏళ్ల ముసలాయన్ని 'బయటికి రా' అని మేము ఆదేశించం. రాకపోయినా అతనికి పుస్తకం ఎలా అందాలి అన్నదే గ్రంథాలయం ఆలోచించాల్సింది.

దీనికి అమెరికా గ్రంథాలయాల్లో ఉన్న ఏర్పాట్లు చూస్తే, పెద్ద పెద్ద ప్రకటనల కంటే చిన్న చిన్న పనులే ఎక్కువ మేలు చేస్తున్నాయని మా అభిప్రాయం. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో బయటపెట్టకూడదని దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ చట్టముంది. చాలాచోట్ల పుస్తకాన్ని పాఠకుడే యంత్రం మీద పెట్టి రాసుకుని పోవచ్చు. బల్ల దగ్గర ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. రాలేనివాళ్లకు పోస్టులో పుస్తకాలు పంపే గ్రంథాలయాలున్నాయి. చూపు తగ్గినవాళ్లకు 1931లో చట్టంతో మొదలైన జాతీయ సేవ ఉంది. మాట్లాడే పుస్తకాలు, అవి వినే యంత్రం, పోనూ రానూ తపాలా అన్నీ ఉచితం. స్పానిష్‌లోనూ ఉన్నాయి. పుస్తకం ఆలస్యమైతే వేసే జరిమానాను శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో 2019లో, న్యూయార్క్ 2021లో ఎత్తేశాయి. పింఛను మీద బతికేవాడికి జరిమానా బాకీ అంటే గుమ్మం దగ్గర మళ్లీ ఒక ప్రశ్న. 2015లో న్యూయార్క్ నగరం ఇవ్వడం మొదలుపెట్టిన గుర్తింపు కార్డుకు వలస పత్రాలు అడగరు. అదే గ్రంథాలయం కార్డుగానూ పనిచేస్తుంది. ఇవేవీ స్వలింగ ప్రేమికుల కోసమని పేరు పెట్టి చేసినవి కావు. కానీ పేరు చెప్పుకోలేని మనిషికి పనికొచ్చేది పేరులేని ఏర్పాటే.

అలాగని బోర్డులూ గదులూ వద్దంటామా? అననే అనం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రధాన గ్రంథాలయంలో 1996లో జేమ్స్ హార్మెల్ పేరుతో గే, లెస్బియన్ కేంద్రం తెరిచారు. పౌర గ్రంథాలయంలో అలాంటిది దేశంలో అదే మొదటిది. ఉత్తరాలు, కరపత్రాలు, ఫోటోలు అక్కడ భద్రమయ్యాయి. లేకపోతే అవి ముసలివాళ్లు పోయిన మర్నాడు బంధువుల చేతుల్లో చెత్తబుట్టకు పోయేవి. ఆ ఊళ్లోనే క్యాస్ట్రో పేటలో ఒక శాఖ ఉంది. దానికి హార్వీ మిల్క్ పేరు పెట్టారు. బాహాటంగా గేనని చెప్పుకుని నగర పాలక మండలికి ఎన్నికై, 1978లో హత్యకు గురైన నాయకుడు. అందరికీ తెలిసిన పేరు. ఆ శాఖ ఉన్న సందు పేరు మాత్రం చాలామందికి తెలియదు. అది హోసే సరియా సందు. హోసే సరియా తల్లి కొలంబియా మనిషి, తండ్రి నికరాగ్వా మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుడు. తర్వాత 'బ్లాక్ క్యాట్' అనే బారులో ఆడవేషం కట్టి పాటలు పాడేవాడు. పోలీసు దాడులకు బెదరవద్దని ఆ పాటల మధ్యలోనే జనానికి చెప్పేవాడు. మిల్క్ గెలవడానికి పదహారేళ్ల ముందు, 1961లోనే, గేనని దాచుకోకుండా అదే మండలికి పోటీ చేశాడు. ఓడిపోయాడు గానీ 5 వేలకు పైగా ఓట్లొచ్చాయి. 2013లో, 90 ఏళ్లు దాటాక పోయాడు. భవనానికి ఒకరి పేరు, తోవకు ఇంకొకరి పేరు. ఎవరి పేరు భవనానికి దక్కుతుంది అన్నది మనమూ ఆలోచించుకోవలసిందే.

గ్రంథాలయ ఉద్యోగుల్లో ఒక వాదం నడుస్తుంటుంది. ఈ పుస్తకాల వీపు మీద ఇంద్రధనుస్సు చీటీ అంటించాలా వద్దా అని. అంటిస్తే వెతికేవాడికి దొరుకుతుంది. అంటిస్తే పట్టుకున్నవాడు పట్టుబడతాడు కూడా. రెండూ నిజమే. మేము సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నాం. గేటు మీద ఆ బోర్డు లేకపోతే మాకు రెండు పూటలా తిండి లేదు, చదువు లేదు, ఈ వ్యాసం లేదు. ఆ బోర్డు వల్లే బస్సు దిగిన ప్రతివాడికీ మేమెవరమో తెలిసేది. బోర్డు తీసెయ్యమని మేము ఎన్నడూ అడగలేదు. వెనకవైపు ఇంకో గేటు ఉంటే బాగుండేదని మాత్రం అనుకునేవాళ్లం. చీటీ అంటించిన ప్రతి ఒకటి, చీటీ లేకుండా మామూలు అరలో ఇంకొకటి కొనొచ్చు గదా! రెనాల్డో అరేనాస్ ఆత్మకథ స్పానిష్‌లో ఉంది. అతను క్యూబా నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఎయిడ్స్‌తో తీసుకుని 1990లో ప్రాణం తీసుకున్న రచయిత. అది జెండా కిందా ఉండొచ్చు, స్పానిష్ ఆత్మకథల మధ్యా ఉండొచ్చు. రెండో ప్రతి ఖర్చెంత?

ఆ ఖర్చు దగ్గరే రాజకీయమంతా ఉంది. 2006లో జార్జియా రాష్ట్రం గ్విన్నెట్ కౌంటీలో గ్రంథాలయ పాలకవర్గం స్పానిష్ కథల పుస్తకాల కోసం పెట్టిన 3 వేల డాలర్లను కొట్టేసింది. పెద్ద గొడవైంది. ఒక కౌంటీ బడ్జెట్లో 3 వేల డాలర్లంటే చిల్లర. కథల పుస్తకాలనే కొట్టెయ్యడంలో అర్థముంది. పనికి పనికొచ్చే భాష నేర్చుకో, ఏడవడానికీ నవ్వడానికీ నీకు పుస్తకమెందుకు అని. మన పిల్లలకు వృత్తి విద్య చాలు, సాహిత్యమెందుకు అన్న పెద్దమనుషుల గొంతు మాకిందులో వినబడింది. 2016 జూన్ 12న ఓర్లాండోలో 'పల్స్' అనే గే క్లబ్బులో, లాటిన్ సంగీతం రాత్రి, 49 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్లలో అత్యధికులు స్పానిష్ మూలాలవాళ్లు, అందులో ప్యూర్టోరికన్లు చాలామంది. రెండు వారాలు తిరక్కుండా గ్రంథాలయ సంఘం మహాసభలు ముందే అనుకున్న ప్రకారం ఆ ఊళ్లోనే జరిగాయి. సంతాపసభ పెట్టారు. రెండు వేరువేరు తలుపులనుకున్నవి ఒకే శవపేటిక దగ్గర కలిశాయి.

ఆ తర్వాత గాలి ఎటు వీస్తోందో పాఠకులకు తెలుసు. పుస్తకాల్ని తీసెయ్యమని వచ్చే ఫిర్యాదులు 2021 నుంచి పెరుగుతూ పోయి, 2023లో 4,240 పుస్తకాల మీద వచ్చినట్టు గ్రంథాలయ సంఘం లెక్క కట్టింది. వాటిలో దాదాపు సగం ఎల్జీబీటీల గురించో, తెల్లవాళ్లు కానివాళ్ల గురించో. పిల్లల్ని కాపాడటానికే అంటారు. మరి ముసలాయన సంగతి? అతని యవ్వనాన్ని గురించి రాసిన పుస్తకం పిల్లల పేరు మీద అర దిగిపోతోంది. 2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు వాళ్ల భాషలో సేవలందాలని 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వు దానితో రద్దయింది. రెండు వారాలకు, మార్చి 14న, రాష్ట్రాల గ్రంథాలయాలకు కేంద్రం డబ్బు చేరవేసే సంస్థను వీలైనంత కుదించమని ఇంకో ఉత్తర్వు. రాష్ట్రాలు కోర్టుకు పోయాయి. పల్లెటూళ్లకు పోస్టులో పోయే పుస్తకాలకు, చూపు లేనివాళ్ల మాట్లాడే పుస్తకాలకు చాలా రాష్ట్రాల్లో ఊతమిచ్చేది ఆ డబ్బే. ఇంద్రధనుస్సు చీటీ ఉందా లేదా అని చూసి కోసిన కోత కాదిది. కానీ ముందు తెగేది గుమ్మందాకా రాలేని మనిషికి చేరే దారమే.

అమెరికాలో స్థిరపడ్డ పిల్లల దగ్గరికి ఆరేసి నెలలు వెళ్లొచ్చే మన తెలుగు పెద్దవాళ్లు కూడా పగటిపూట ఆ గ్రంథాలయాల్లోనే కూర్చుంటారు. ఆ మెత్తటి కుర్చీలు ఎవరి తగాదాల పుణ్యమో వాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

మన దగ్గర 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. మాలపల్లె ఇల్లూ కడుతుంది, హిజ్రాలు అద్దెకుండే ఇల్లూ కడుతుంది. ఈ వ్యాసం రాస్తూ మేము మాకు దగ్గరున్న ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్లాం. స్వలింగ ప్రేమ మీద తెలుగు పుస్తకాలేమున్నాయని అడిగాం. అక్కడివారు మమ్మల్ని ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, మనస్తత్వ శాస్త్రం బీరువా చూపించారు. అందులో లైంగిక సమస్యల మీద ఒక డాక్టరు రాసిన పుస్తకం దొరికింది. తీసుకున్నాం. బల్ల మీద పెద్ద రిజిస్టరు తెరిచి ఉంది. పేరు, తండ్రి పేరు, ఊరు, పుస్తకం పేరు, సంతకం. మాకంటే ముందు వచ్చినవాళ్లందరి పేర్లూ పుస్తకాలూ పైన కనబడుతున్నాయి. మేమూ మా గడి నింపి సంతకం పెట్టాం. వెనక నిలబడ్డ ఆయన మా భుజం మీదుగా చదువుతున్నాడు.